పాత సొరుగుల బీరువాకు కొత్త రూపు: ఊడదీయడం నుంచి ఆఖరి పూత దాకా

పాత చెక్క సొరుగుల బీరువాను, కొందరు డ్రెస్సర్ అనేదాన్ని, బాగుచేద్దామనుకోగానే చాలామంది ముందుగా రంగు డబ్బా కొంటారు. నిజానికి అది చివర్లో కొనాల్సింది. బీరువా ఏ చెక్కదో, దాని మీద ఇప్పుడున్న పూత ఏమిటో తెలియకుండా దానికి ఏ రంగు పట్టుకుంటుందో చెప్పలేం. పైగా మైనం, దుమ్ము, చేతి జిడ్డు ఏళ్ల తరబడి పేరుకుపోయి 'ఇక పనికిరాదు' అనిపించే బీరువాల్లో చాలావాటికి రంగే అక్కర్లేదు. ఒక పూట కడిగి, పలచగా ఒక పూత వేస్తే తేరుకుంటాయి. అందుకే పని వరుసంతా ఒకే లెక్క మీద పెట్టుకోండి: దిద్దుకోగలిగే పనులు ముందు, దిద్దుకోలేనివి తర్వాత. కడిగితే పోయేదేమీ లేదు, గీకేసిన వెనీర్, అంటే పైన అంటించిన సన్నని చెక్క పొర, మాత్రం మళ్లీ రాదు.

ముందు విప్పండి, తర్వాత చూడండి

సొరుగులన్నీ బయటికి తీయండి. ఒక్కో సొరుగు వెనక పెన్సిల్‌తో అంకె వేసి, అదే అంకె దాని గూడు లోపల కూడా వేయండి. చేత్తో చేసిన బీరువాల్లో సొరుగులన్నీ ఒకేలా కనిపించినా ఒక్కోటీ తన గూటికే సరిగ్గా అమరుతుంది. తారుమారైతే, రంగు వేశాక బిగుసుకుంటే, తప్పు రంగుదనుకుని అనవసరంగా గీకాల్సి వస్తుంది. పిడులు, తాళాలు, బందులు విప్పి వాటి స్క్రూలతో సహా చిన్న కవర్లలో వేసి, ఏ సొరుగువో రాసిపెట్టండి. పిడులు తీయకుండా చుట్టూ టేపు అంటించి రంగు వేస్తే టేపు తీసిన చోట రంగు అంచు పెచ్చులుగా లేస్తుంది. ఆ అడ్డదారి వద్దు.

ఇప్పుడు పై పలక అంచు చూడండి. పైన కనిపించే చారలు అంచు దాటి పక్కకు దిగి అదే చెక్కలో సాగిపోతుంటే అది గట్టి చెక్క, అంటే లోపలిదాకా ఒకే చెక్క. అంచులో కాగితంలాంటి సన్నని పొర కనిపించి, దాని కింద వేరే చెక్కో ప్లైవుడ్డో ఉంటే వెనీర్. చారల బొమ్మ అచ్చుగుద్దినట్టు మళ్లీ మళ్లీ వస్తూ, తాకితే ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటే లామినేట్, అంటే వాడుకలో సన్‌మైకా అనేది. ఇప్పటి వెనీర్ మందం సుమారు అర మిల్లీమీటరే. యంత్రానికి 80 నంబరు ఉప్పు కాగితం (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) బిగించి ఒకేచోట తిప్పితే కాసేపట్లోనే కింది చెక్క బయటపడుతుంది. పాతకాలపు వెనీర్ ఒక మిల్లీమీటరు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ మందం ఉంటుంది, కాస్త ఓర్చుకుంటుంది. లామినేట్‌కు స్టెయిన్, అంటే చెక్కలోకి ఇంకి దాని రంగు మార్చే ద్రవం, ఎక్కదు కాబట్టి దానికి పెయింట్ ఒక్కటే దారి.

పూత ఏమిటో తెలుసుకోవడానికి వెనక కాలి లోపలివైపు, ఎవరికీ కనపడని చోటు చూసుకోండి. దూదిని మిథిలేటెడ్ స్పిరిట్‌లో ముంచి అరనిమిషం అద్ది ఉంచండి. పూత మెత్తబడి దూదికి అంటుకుంటే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు లొంగక లక్కర్ థిన్నర్‌కు కరిగితే లక్కర్. రెంటికీ కరగకుండా, మహా అయితే ముడతలు పడి పైకి లేస్తే నూనె వార్నిష్ గానీ పాలియురెథేన్ గానీ అయి ఉంటుంది. లక్క పాలిష్ అని తేలితే సగం పని తప్పినట్టే. ఎంత పాతదైనా స్పిరిట్ తగిలితే కరిగే గుణం దానిది, కాబట్టి పాత పూత తీసేయకుండానే దాని మీద కొత్త లక్క పూత వేయొచ్చు, రెండూ కలిసి ఒక్కటైపోతాయి.

రంగు వేసిన బీరువా అయితే ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. ఆ రంగు 1980కి ముందుది కావొచ్చనిపిస్తే అందులో సీసం ఉందనే అనుకోండి. కొన్ని దేశాల్లో ఆ తర్వాత కూడా చాలాకాలం సీసం కలిసిన రంగులు అమ్మారు. రంగు మీద రుద్ది చూసే పరీక్ష పుల్లలు దొరుకుతాయి, వాడండి. సీసం ఉన్న రంగును పొడిగా రుద్దకూడదు, మంటతో గానీ వేడిగాలి తుపాకితో గానీ కాల్చకూడదు. తడిపి గీకడం, లేదా రంగు ఊడగొట్టే ద్రావకం పూసి మెత్తగా తీయడం, ఈ రెండే దారులు. కింద ప్లాస్టిక్ పట్టా పరచండి, పీ100 ఫిల్టరు ఉన్న మాస్క్ పెట్టుకోండి. పిల్లలను, గర్భిణులను ఆ ఛాయలకు రానివ్వొద్దు. పాత రంగు గట్టిగా అంటుకునే ఉంటే దాన్ని కదిలించకుండా పైన ప్రైమర్ వేసి మూసేయడమే అన్నిటికన్నా క్షేమం.

కడగడం

లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచాడు గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలపండి. గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి, వెంటనే పొడి గుడ్డతో ఒత్తండి. నీళ్లు కారేలా తుడిస్తే వెనీర్ కింది జిగురు వదులై అంచులు లేస్తాయి. సబ్బుకు మట్టి పోతుంది గానీ మైనం పోదు. అది పోవాలంటే చెక్క ఆరాక మినరల్ టర్పెంటైన్‌తో తుడవాలి. తెల్ల గుడ్డ మీదికి పసుపు, గోధుమ రంగు మరక రావడం ఆగేదాకా గుడ్డ మారుస్తూ తుడుస్తూనే ఉండండి. పిడుల చుట్టూ, పై పలక ముందు అంచున జిడ్డు అన్నిటికన్నా మొండిగా ఉంటుంది. కొత్త రంగు ముందుగా పెచ్చులు లేచేది కూడా సరిగ్గా అక్కడే.

కడగక ముందే ఉప్పు కాగితం పట్టడం అందరూ చేసే తప్పు. పైనున్న మైనం, పాలిష్ డబ్బాల్లోని సిలికాన్ ఆ రాపిడికి చెక్క రంధ్రాల్లోకి దిగిపోతాయి. తర్వాత వేసిన పూత అక్కడక్కడ చేపకళ్లలాంటి గుండ్రని గుంటలు పడి విడిపోతుంది.

సొరుగుల లోపల ముక్క వాసన ఉంటే సబ్బు నీళ్లతో తుడిచి, గాలి ఆడే నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. ఎర్రటి ఎండలో గంటల తరబడి పెడితే పలకలు వంగుతాయి, వెనీర్ బీటలిస్తుంది. అప్పటికీ వాసన పోకపోతే లోపల రెండు పూతలు లక్క వేయండి. లక్క వాసనను లోపలే మూసేస్తుంది. ఆ చోట నూనె వార్నిష్ వేయకండి, మూసి ఉండే సొరుగులో దాని వాసన నెలల తరబడి బట్టలకు పడుతుంది.

చెక్క మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రని బొక్కలు కనిపిస్తే కింద నల్ల కాగితం పరిచి వారం ఆగండి. కొత్తగా పిండి రాలితే పురుగు ఇంకా లోపలే ఉంది. బోరాన్ మందు వేసి, పురుగు ఆగిందని తేలాకే మిగతా పని మొదలుపెట్టండి. అయితే ఆ మందు పూత లేని చెక్కలోకే ఇంకుతుంది కాబట్టి లోపలి, వెనకవైపు చెక్క మీద పూయండి.

కడిగి ఆరాక ఒకసారి తీరిగ్గా చూడండి. పూత పగుళ్లు లేకుండా కేవలం కాంతి తగ్గి ఉంటే 0000 నంబరు ఉక్కు పీచుతో పేస్ట్ మైనం పట్టించి, చారల వెంట తేలిగ్గా రుద్ది, పావుగంట ఆగి గుడ్డతో మెరుగుపెట్టండి. పని అయిపోయినట్టే. తెల్లని గ్లాసు మచ్చలు పూతలో ఇరుక్కున్న తేమ వల్ల వస్తాయి. మచ్చ మీద పలచని నూలు గుడ్డ పరిచి, తక్కువ వేడి మీద ఇస్త్రీ పెట్టెను ఐదారు సెకన్లు అద్ది తీస్తూ ఉంటే చాలావరకు పోతాయి. నల్ల మచ్చలు వేరు. ఇనుము, నీళ్లు, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం కలిసి పుట్టినవి, చెక్కలోకే దిగి ఉంటాయి. పూత తీశాక ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణం పూస్తేనే తగ్గుతాయి. ఆ ఆమ్లం విషం, తొడుగులు వేసుకుని వాడండి. ఆరాక మిగిలిన తెల్ల పొడిని పొడిగా రుద్ది గాలిలోకి లేపకుండా తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచేయాలి.

వదులైనవి బిగించడం, లేచినవి అంటించడం

రంగు వదులు అతుకును దాచలేదు, పైగా అతుకు కదిలిన ప్రతిసారీ అక్కడ గీతలా పగులుతుంది. కాబట్టి చెక్క పని ముందు ముగించాలి.

సొరుగు మూలలు కదులుతుంటే పైనుంచి జిగురు పోసి సరిపెట్టకండి. చెక్క జిగురు పచ్చి చెక్కకు పట్టినట్టు పాత జిగురు పొరకు పట్టదు. అతుకును కొయ్య సుత్తితో మెల్లగా తట్టి విడదీసి, పాత జిగురును గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో మెత్తబరిచి ఉలి అంచుతో గీకేయండి. పూర్తిగా ఆరాక రెండువైపులా పలచగా జిగురు రాసి క్లాంప్‌లు బిగించండి. వెంటనే సొరుగు రెండు మూలగీతల పొడవు టేపుతో కొలవండి. రెండూ సమానంగా ఉంటే సొరుగు చదరంగా ఉన్నట్టు. తేడా ఉంటే పొడవైన మూలగీత వైపు నొక్కి సరిచేయండి, జిగురు తడిగా ఉన్నప్పుడే అది సాధ్యం. కదపకుండా ఒక రోజు వదిలేయండి. సొరుగు అడుగు పలక గాడిలో కదలాలి కాబట్టి దానికి జిగురు పెట్టొద్దు. తేమకు చెక్క ఉబ్బినప్పుడు కదిలే చోటు లేకపోతే ఆ పలకే పగులుతుంది. గట్టి చెక్క పై పలకదీ అదే కథ. కింద స్క్రూ బొక్కలు పొడవుగా కోసి ఉంటే అది పలక కదలడానికి వదిలిన చోటు, పూడ్చకండి.

సొరుగు జారే పట్టీలు అరిగి గుంట పడితే సొరుగు ముందుకు వాలి అడుగు రాసుకుంటుంది. కొంచెం అరిగితే రంగు, వాసన లేని మైనం కొవ్వొత్తితో రుద్దితే చాలు. ఎక్కువ అరిగితే అరిగినంత మందం సన్నని గట్టి చెక్క పట్టీ అంటించాలి.

వెనీర్‌లో లేచిన బొబ్బ మీద వేలితో కొడితే బోలు చప్పుడొస్తుంది. పాత జంతు జిగురుతో అంటించినదైతే తడి గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టెతో వేడి చేసి, చల్లారేదాకా బరువు పెడితే మళ్లీ అంటుకోవచ్చు. అలా పట్టకపోతే పదునైన బ్లేడుతో చార వెంటే ఒక గాటు పెట్టి, సిరంజీతో జిగురు ఎక్కించి, పొంగిన జిగురును తుడిచి, మైనపు కాగితం పరిచి, పైన చదునైన చెక్క, దాని మీద బరువు పెట్టి ఒక రోజు ఉంచండి. చారకు అడ్డంగా పెట్టిన గాటు తర్వాత ఎంత రుద్దినా కనిపిస్తూనే ఉంటుంది. మైనపు కాగితం మరిచిపోతే బరువు పెట్టిన చెక్క కూడా బీరువాకే అంటుకుపోతుంది, నవ్వులాట కాదు.

సొట్టలకు లప్పం కన్నా ముందు ఆవిరి ప్రయత్నించండి. నాలుగు చుక్కల నీళ్లు సొట్టలో వేసి, తడి గుడ్డ పరిచి వేడి ఇస్త్రీ పెట్టె మొన అద్దితే నలిగిన నార ఉబ్బి పైకొస్తుంది. నార తెగిన గాటుకు ఇది పనిచేయదు, వెనీర్ మీద అయితే జిగురు వదిలే ప్రమాదం ఉంది. గాట్లు, ఎగిరిపోయిన మూలలు పెయింట్ కిందకు వెళ్లేవైతే రెండు భాగాలు కలిపే ఎపాక్సీ లప్పం వాడండి. గోరంత గుంటలకు మామూలు వుడ్ ఫిల్లర్ చాలు గానీ అది ఆరాక కుంగుతుంది. కాస్త ఉబ్బెత్తుగా పెట్టి, ఆరాక రుద్దండి. లోతైతే రెండు విడతలుగా పెట్టండి. పెయింట్ వేయకుండా చెక్క కనపడేలా ఉంచే పలక మీద మాత్రం ఫిల్లర్‌ను నమ్ముకోవద్దు. 'స్టెయిన్ పట్టేది' అని డబ్బా మీద రాసి ఉన్నా, చెక్కలా మాత్రం పట్టదు.

రుద్దడం

పెయింట్ వేసేట్టయితే పాత పూత మొత్తం తీయనక్కర్లేదు. అది గట్టిగా ఉంటే 150 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా, తర్వాత 220తో గీతలు సన్నబడేదాకా రుద్దితే చాలు. రుద్దే ముందు పలకంతా పెన్సిల్‌తో తేలిగ్గా గీతలు గీసుకోండి. గీతలు అన్నిచోట్లా చెరిగిపోతే అన్నిచోట్లా రుద్దినట్టు. చదును పలకలకు కాగితాన్ని చెక్క దిమ్మకు చుట్టి రుద్దండి. వట్టి చేత్తో రుద్దితే వేళ్ల ఒత్తిడికి గాళ్లు పడతాయి, మెరిసే రంగు వేశాక అవి వెలుగులో బయటపడతాయి. పదునైన అంచులను 220తో ఒక్కసారి మొద్దుబార్చండి. కత్తిలాంటి అంచు మీద రంగు నిలవక పలచబడి, మొదట అరిగేది అక్కడే.

చెక్క కనపడాలనుకునే పలకకు పాత పూత మొత్తం తీయాలి. ద్రావకాన్ని మందంగా పూసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి, ప్లాస్టిక్ గీకుడు పలకతో తీయండి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న ద్రావకాల జోలికి పోకండి. ఆ ఆవిరి ఒంట్లోకి వెళ్లి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, మూసిన గదుల్లో ప్రాణాలు తీసింది. ద్రావకం అవశేషాలు తుడిచి, పలక ఒక రోజు ఆరాక చారల వెంట 120, 150, 180 వరుసలో రుద్దండి. ఒక నంబరు దాటేస్తే దాని ముందరి గీతలు మిగిలిపోయి స్టెయిన్ వేశాక నల్లని గీరల్లా తేలతాయి. అలాగని 220 దాటి మరీ నున్నగా చేసినా చిక్కే, చెక్క రంధ్రాలు మూసుకుపోయి స్టెయిన్ పట్టకుండా వెలవెలబోతుంది. వెనీర్ మీద 150తో మొదలుపెట్టి, చేత్తోనే రుద్దండి. మూలల దగ్గర చెయ్యి తేలిక చేయండి. దుమ్మును ముందు వాక్యూమ్‌తో లాగి, తర్వాత టర్పెంటైన్ తడి ఆడించిన గుడ్డతో తుడవండి. నీటి పూత వేయబోతుంటే నీళ్ల తడి గుడ్డ చాలు.

ప్రైమర్, పెయింట్

120 సెంటీమీటర్ల వెడల్పు, 85 ఎత్తు, 45 లోతు ఉన్న బీరువాకు పై పలక, రెండు పక్కలు, ముందు భాగం కలిపి రంగు పడే చోటు సుమారు 2.3 చదరపు మీటర్లు. కాళ్లు, అంచులు కలుపుకుంటే రెండున్నర, మూడు. లీటరు రంగు ఒక పూతకు పది చదరపు మీటర్ల దాకా వస్తుంది. రెండు పూతలకు అరలీటరు బొటాబొటిగా సరిపోతుంది, ఒక లీటరు తీసుకుంటే తర్వాత గీతలు పడ్డప్పుడు దిద్దుకోవడానికీ మిగులుతుంది. ప్రైమర్ అరలీటరు. ఉప్పు కాగితం ఒక్కో నంబరు మూడు నాలుగు షీట్లు.

ప్రైమర్ ఎంపికే అసలు విషయం. మహాగని, ఓక్, ఇంకా చాలా ముదురు చెక్కల్లో ఉండే టానిన్ నీటి ప్రైమర్‌లోని తడికి కరిగి పైకి ఊరుతుంది, పైన్ చెక్క ముడుల్లోని జిగట కూడా ఆ ప్రైమర్ గుండా పైకొస్తుంది. తెల్ల రంగు వేసిన రెండో రోజుకో వారానికో పసుపు గోధుమ మరకలు తేలతాయి. ఎన్ని పూతలు వేసినా మళ్లీ వస్తూనే ఉంటాయి, ఎందుకంటే ప్రతి పూతా మళ్లీ తడే. లక్క ఆధారంగా చేసిన ప్రైమర్ ఒక పూత, ముడుల మీద రెండు, ఆ దారి మూసేస్తుంది. సిలికాన్ వల్ల పడే చేపకళ్లకూ, నున్నటి లామినేట్‌కూ అదే మందు. ఘాటు వాసన ఉంటుంది కాబట్టి కిటికీలు తెరిచి వేయండి. ఆ బ్రష్‌ను స్పిరిట్‌తోనే కడగాలి. ప్రైమర్ ఆరాక 220తో తేలిగ్గా రుద్ది దుమ్ము తుడవండి.

పెయింట్‌గా గోడల రంగు వాడొద్దు. అది ఆరినా మెత్తగానే ఉంటుంది, మీద పెట్టిన వస్తువు అంటుకుని లేపినప్పుడు రంగును పట్టుకొస్తుంది. చెక్కకూ తలుపులకూ చేసిన నీటి ఎనామెల్ తీసుకోండి. నూనె ఎనామెల్ గట్టిగా ఉంటుంది గానీ తెలుపు కొన్నేళ్లలో పసుపుబారుతుంది, ముఖ్యంగా వెలుతురు పడని చోట. చాక్ పెయింట్ (సుద్దలా మెరుపు లేకుండా ఆరే రంగు) రుద్దకుండానే అంటుకుంటుందన్న మాటలో కొంత నిజం ఉంది. కానీ జిడ్డు మీద అదీ నిలవదు, టానిన్‌ను అదీ ఆపదు, పైన మైనమో వార్నిషో లేకపోతే గోటికే గీత పడుతుంది. అంటే దానివల్ల తప్పే శ్రమ పెద్దగా ఏమీ ఉండదు.

బీరువాను ముందు తలకిందులు చేసి కాళ్లు, అడుగు అంచులు వేయండి. తర్వాత నిలబెట్టి పక్కలు, ముందు చట్రం, ఆఖరున పై పలక. సొరుగుల ముఖాలను పైకి చూసేలా పడుకోబెట్టి వేస్తే రంగు కారదు. రంగును వల గుండా వడగట్టుకోండి. మూలలు, గాళ్లు బ్రష్‌తో పూసి, చదును భాగాలను నాలుగంగుళాల సన్నని ఫోమ్ రోలర్‌తో పరిచి, తడి ఆరకముందే వట్టి బ్రష్ మొనతో చారల వెంట ఒక్కసారి పొడవుగా లాగండి. రోలర్ వదిలిన నారింజ తొక్కలాంటి గరుకు సర్దుకుంటుంది. ఒకసారి లాగాక మళ్లీ దాని జోలికి పోవద్దు. సగం ఆరిన రంగును కెలికితే బ్రష్ గీతలు అలాగే గడ్డకడతాయి. ఎండ, ఫ్యాన్ గాలి సూటిగా తగిలినా అదే జరుగుతుంది. 10 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య, గాలిలో తేమ తక్కువ ఉన్న రోజు చూసుకోండి.

రెండు పలచని పూతలు ఒక మందపు పూత కన్నా మేలు. మందపు పూతకు పైన పొర కట్టి లోపల మెత్తగా ఉండిపోతుంది. పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద చెప్పిన గంటలు ఆగి, 320తో ఊరికే తాకినట్టు రుద్దండి. కాగితానికి రంగు ముద్దలుగా అంటుకుంటే ఇంకా ఆరలేదన్నమాట, రేపు చూడండి. ముదురు చెక్క మీద తెలుపుకు మూడో పూత కావాల్సి రావొచ్చు.

సొరుగు పక్కలకు, జారే పట్టీలకు, గూడు లోపలి అంచులకు రంగు వేయకండి. ఒక్కో పూత పలచనిదే అయినా ప్రైమర్‌తో కలిపి రెండువైపులా లెక్కేస్తే బిగుతుగా ఉన్న సొరుగు ఇరుక్కుపోవడానికి అది చాలు. సొరుగు ముఖం చుట్టూ కనీసం ఒకటిన్నర మిల్లీమీటరు సందు ఉందో లేదో ప్రైమర్‌కు ముందే చూసుకోండి. లేకపోతే చిత్రికతో ఒక పొర లాగేయండి.

పై పలక చెక్కగానే ఉంచాలనుకుంటే

కింద రంగు, పైన చెక్క. పాత బీరువాలకు చాలాసార్లు ఇదే అన్నిటికన్నా అందం, పై పలక గట్టి చెక్కయితే తప్పక ఆలోచించండి. గీతలు పడ్డా మళ్లీ రుద్దుకోవచ్చు. పెయింట్ మీద పడ్డ గీత అంత సులువుగా పోదు.

స్టెయిన్‌ను ముందు పలక అడుగునో సొరుగు వెనకో పూసి చూడండి. పైన్ లాంటి మెత్తని చెక్క మచ్చలు మచ్చలుగా పీల్చుకుంటుంది, దానికి ముందు, స్టెయిన్ సమంగా పట్టేలా చేసే కండిషనర్ పూత వేయాలి. స్టెయిన్ గుడ్డతో పూసి ఐదు నుంచి పది నిమిషాల్లో మిగులును తుడిచేయండి. తుడవకుండా వదిలితే పైన జిగట పొర కట్టి దాని మీద ఏ పూతా నిలవదు. తెల్లని మచ్చలా స్టెయిన్ పట్టని చోటు కనిపిస్తే అక్కడ ఆరిన జిగురుంది, గీకి ఆ చోటు మళ్లీ రుద్దాల్సిందే.

దాని మీద పాలియురెథేన్ మూడు పూతలు, పలకకు పావులీటరు చాలు. నీటి రకం తేటగా ఉండి పసుపుబారదు కాబట్టి లేత రంగులకు అది. నూనె రకం చెక్కకు తేనె రంగు వెచ్చదనం ఇస్తుంది, ముదురు చెక్కకు బాగుంటుంది. నూనె స్టెయిన్ మీద నీటి పూత వేసే ముందు రెండు మూడు రోజులు ఆరనివ్వండి, లేదా మధ్యలో మైనం తీసిన లక్క ఒక పూత వేయండి. డబ్బాను ఊపకండి, బుడగలు కట్టి పూతలో ఉండిపోతాయి. కర్రతో అడుగంటా నిదానంగా కలపండి, మెరుపు తగ్గించే పొడి అడుగునే పేరుకుంటుంది. నీటి పూతల మధ్య ఉక్కు పీచు వాడొద్దు. విరిగిన పోగులు పూతలో ఇరుక్కుని తుప్పు చుక్కలవుతాయి.

నూనె స్టెయిన్, లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక నిప్పు అందకుండానే అవి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి గట్టిపడేదాకా ఆరబెట్టండి, లేదా నీళ్లు నింపిన లోహపు డబ్బాలో ముంచి మూతపెట్టండి.

పిడులు

పాత పిడులకు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఉక్కు, పైన పూత మాత్రమే. గట్టిగా తోమితే ఆ పూత పోతుంది. అంటుకోకపోతే ఇత్తడి కావొచ్చు, గరుకు లేని మెరుగుపెట్టే ముద్దతో తోముకోవచ్చు.

కొత్త పిడులు కొంటే ముందు పాత బొక్కల మధ్య దూరం కొలవండి. 64, 96, 128 మిల్లీమీటర్లు ఎక్కువగా దొరికే కొలతలు, పాత బీరువాల్లో 76 కూడా కనిపిస్తుంది. కొలత కలిస్తే కొత్త బొక్కలు వేసే పని ఉండదు. కలవకపోతే పాత బొక్కల్లో జిగురు రాసిన గుండ్రని చెక్క బిరడాలు కొట్టి, కోసి, లప్పం పెట్టి నున్న చేయండి. ఇదంతా ప్రైమర్‌కు ముందు పని. వట్టి లప్పంతో పూడ్చిన బొక్క పక్కనే కొత్త బొక్క వేస్తే లప్పం ఊడొస్తుంది. కొత్త బొక్కలకు అట్టముక్క మీద ఒకసారి గుర్తులు పెట్టుకుని, దాన్నే అన్ని సొరుగులకూ వాడండి. ముఖం వైపు నుంచి వేస్తూ, వెనక ఒక చెక్కముక్క అదిమి పట్టుకుంటే చెక్క చీలకుండా ఉంటుంది. మామూలు నాలుగు మిల్లీమీటర్ల స్క్రూకు ఐదు మిల్లీమీటర్ల బొక్క సరిపోతుంది. స్క్రూ పొడవు సొరుగు ముఖం మందం కన్నా ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి.

తిరిగి అమర్చడం

తాకితే ఆరినట్టున్న రంగు గట్టిపడినట్టు కాదు. నీటి ఎనామెల్‌కు పూర్తి బలం రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. సొరుగులు మూడు రోజుల తర్వాత పెట్టండి, అదీ మొదట్లో చట్రానికి ఆనే అంచుల మీద మైనం రుద్ది. లేదంటే రంగుకు రంగు అతుక్కుని, లాగినప్పుడు పొరలుగా ఊడుతుంది. వారం దాకా పై పలక మీద ఏమీ పెట్టొద్దు. నెల దాకా తడిగుడ్డతో తుడవొద్దు, బరువైన దీపాల కింద ఫెల్ట్ ముక్కలు అంటించండి.

కొవ్వొత్తి మైనం పట్టించిన సొరుగులు ఇప్పుడు ముందుకన్నా సులువుగా, ముందుకన్నా దూరం జారతాయి. రెండు మూడు సొరుగులు ఒకేసారి పూర్తిగా తెరుచుకుంటే, లేదా పిల్లలు వాటిని మెట్లుగా చేసుకుని ఎక్కితే బీరువా మీదకు ఒరుగుతుంది. బరువైనవి కింది సొరుగుల్లో సర్దండి. వెనక పైభాగంలో, పలచని వెనక పలకకు కాక గట్టి చట్రానికి, రెండు పట్టీలు స్క్రూలతో బిగించి గోడకు కట్టేయండి. ఇటుక, కాంక్రీటు గోడకైతే ప్లగ్గులు దిగగొట్టి, చెక్క చట్రం గోడకైతే లోపలి నిలువు కొయ్య ఎక్కడుందో వెతికి అందులోకే స్క్రూ దించండి.